గట్టి అంటే సరిపోదు

ప్రిన్సిపాల్ గారికి, హెచ్‌ఓడీ గారికి, లెక్చరర్లకు, సివిల్ బ్రాంచి పిల్లలందరికీ నమస్కారం. ఇంజనీర్స్ డే కదా, విశ్వేశ్వరయ్య గారి గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. 1908 మూసీ వరదల తర్వాత ఆయన హైదరాబాద్‌కు ఇచ్చిన సలహాలు, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్, ఇవన్నీ నాకన్నా ముందు మాట్లాడినవారు బాగా చెప్పారు. ఆ మహానుభావుడికి నమస్కరించి, నేను వేరే సంగతికి వస్తాను. ఫైనలియర్ పిల్లలకు ఇంటర్వ్యూలు మొదలవుతున్నాయి. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను.

స్టిఫ్, స్ట్రాంగ్, హార్డ్, టఫ్, రిజిడ్, బ్రిటిల్. ఈ ఆరు మాటలూ మీ స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ పుస్తకంలో ఉన్నాయి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడు వీటిలో చాలావాటికి పక్కన పెన్సిల్‌తో ‘గట్టి’ అని రాసుకుంటాడు. ఆ పుస్తకాలు నేను చూశాను. అక్కడితో సబ్జెక్టు సగం పోయినట్టే.

గాజునీ అల్యూమినియంనీ తీసుకోండి. రెండింటి యంగ్స్ మాడ్యులస్, అంటే వంగకుండా, సాగకుండా ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే కొలత, దాదాపు ఒకటే, సుమారు 70 గిగాపాస్కల్స్. అంటే ఒకే కొలతల్లో రెండు పట్టీలు చేసి కొద్దిపాటి బరువు వేలాడదీస్తే, రెండూ ఇంచుమించు ఒకేలా వంగుతాయి. స్టిఫ్‌నెస్‌లో తేడా లేదు. గాజు అంచుతో అల్యూమినియం మీద గీస్తే గీత పడుతుంది, కాబట్టి గాజు ఎక్కువ హార్డ్. ఇంకా బరువు పెంచుతూ పోతే అల్యూమినియం వంగిపోయి అలాగే ఉండిపోతుంది, గాజు టప్పున పగులుతుంది. అది బ్రిటిల్. మన ఇళ్లల్లో పెళుసు అంటామే, అదే. ఈ మూడూ మూడు వేర్వేరు గుణాలు. మూడు వేర్వేరు పరీక్షలతో కొలుస్తాం.

సిమెంటు దగ్గరా ఇదే. తడి పేస్టు బిగుసుకోవడం సెట్టింగ్. మామూలు సిమెంటుకు ఆ బిగుసుకోవడం 30 నిమిషాల లోపు మొదలు కాకూడదు, 600 నిమిషాలు దాటకుండా పూర్తవ్వాలి. తర్వాత రోజుల తరబడి బలం పుంజుకోవడం హార్డెనింగ్. అందుకే పోసిన కాంక్రీటు క్యూబును 28 రోజులకు పరీక్షిస్తాం. బిగుసుకుంది కదా అని మర్నాడే సెంట్రింగ్ విప్పమనే ఓనర్లు మీకు ఎదురవుతారు. అప్పుడు మీరు మాట్లాడాలి.

  ఇప్పుడు ఒక అబ్బాయి సంగతి చెప్పాలి.

నా దగ్గర చదివిన కుర్రాడు. తండ్రి రాడ్ బెండింగ్ మేస్త్రి. సెలవుల్లో ఆయనతో పాటు కడ్డీలు వంచి, కట్టుతీగ చుట్టి పెరిగాడు. ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఇంటర్వ్యూలో అడిగారట: ‘ఎఫ్ఈ 415 గ్రేడు కడ్డీ బదులు ఎఫ్ఈ 500 గ్రేడు కడ్డీ వాడితే బాల్కనీ తక్కువ వంగుతుందా?’

వాడికి జవాబు తెలుసు. ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఒక ఇంట్లో ఓనరు పెద్ద గ్రేడు కడ్డీ తెచ్చి, బలమైనదే కదా అని సన్నంగా, తక్కువగా వేయించాడు. బాల్కనీ విరగలేదు గానీ చివర కంటికి కనిపించేంత కిందికి జారింది. అది వీడు కళ్లారా చూశాడు. ఆ 415, 500 అనేవి ఎంత ఒత్తిడికి కడ్డీ లొంగిపోతుందో చెప్పే అంకెలు, చదరపు మిల్లీమీటరుకు న్యూటన్లలో. అది స్ట్రెంత్. మాడ్యులస్ మాత్రం రెండింటికీ సుమారు 200 గిగాపాస్కల్సే. గ్రేడు మారినా స్టిఫ్‌నెస్ మారదు, కాబట్టి వంగడం తగ్గదు.

ఇదంతా లోపల ఉంచుకుని వాడు ఏమన్నాడంటే, ‘స్టీల్ స్ట్రాంగ్ అవుతుంది సార్, కానీ... స్ట్రాంగ్ అవదు సార్.’

రెండో మాట దొరకలేదు. స్టిఫ్ అనే ఒక్క మాట నోటికి రాలేదు. ఎదురుగా కూర్చున్న ముగ్గురూ నవ్వారు. బేసిక్స్ లేవని పంపించేశారు. ఆ ముగ్గురిలో ఎవరైనా ఒక కడ్డీని చేత్తో పట్టుకుని వంచి ఉంటారా? నాకు ఇప్పటికీ కోపమే. వాడు తిరిగి వచ్చి నన్ను, ‘సార్, మరి తెలుగులో చెప్పనిస్తే తప్పా?’ అని అడిగాడు. తప్పు కాదమ్మా అన్నాను. ఇవాళ మీ అందరి ముందూ అదే అంటున్నాను, తప్పు కాదు. కానీ వాళ్లు చెప్పనివ్వరు. అందుకే ఆ మాట మీ నోట్లో సిద్ధంగా ఉండాలి.

లెక్చరర్లూ, మీతో ఒక మనవి. నిర్వచనాలు బట్టీ పట్టించవద్దు. వస్తువు చేతికివ్వండి. టీఎంటీ కడ్డీ ముక్క కోసి, పాలిష్ పట్టి, యాసిడ్‌తో ఎచ్ చేసి, అంటే పైపొర కాస్త తినిపించి, చూపించండి. చుట్టూ ముదురు రంగు ఉంగరం కనిపిస్తుంది, అది హార్డ్. మధ్యలో లేతగా ఉన్నది సాగే భాగం. భూకంపంలో ఆ సాగే గుణమే ప్రాణాలు కాపాడుతుంది. ఒక్కసారి చూసినవాడు జన్మలో మరిచిపోడు.

ఆ మూల ల్యాబ్‌లో మీ యూటీఎం, అదే ముక్కను లాగి తెంపి బలం కొలిచే మిషను, గుడ్డ కప్పుకుని ఉంది. పొద్దున చూశాను. తాళం తీయించమని ప్రిన్సిపాల్ గారిని అడిగాను, సరేనన్నారు. పోత ఇనుము ముక్క ఒకటి, మైల్డ్ స్టీల్ ముక్క ఒకటి తెచ్చాను. టీ తాగి అందరూ అక్కడికి రండి. ముందు ఏది తెగుతుందో, ఎలా తెగుతుందో మీరే చూసి, మీ మాటల్లో నాకు చెప్పాలి. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లిష్‌లో.