కొలిమి లేకుండా నైట్రైడ్

యాంకర్: డ్రిల్ బిట్ల మీద బంగారు రంగు పూత మీలో చాలామంది చూసే ఉంటారు. అది టైటానియం నైట్రైడ్, అంటే టైటానియం, నైట్రోజన్ కలిసిన పదార్థం. దాన్ని పొడిగా చేయాలంటే టైటానియాన్ని నైట్రోజన్‌లో బాగా కాల్చాలని చదువుకున్నాం. మేడమ్, మీరేమో మిల్లులో ఆడిస్తే చాలంటున్నారు!

అతిథి: నిజంగా చాలండీ. స్టీలు డబ్బాలో టైటానియం పొడి, స్టీలు బంతులు వేసి, గాలి తీసేసి నైట్రోజన్ నింపాలి. గంటల తరబడి జోరుగా తిప్పితే కొలిమి లేకుండానే నైట్రైడ్ అవుతుంది.

యాంకర్: పొడి మెత్తబడటం వల్లనా?

అతిథి: అదొక్కటే కాదు. టైటానియం మీద పలుచటి ఆక్సైడ్ పొర ఉంటుంది, నైట్రోజన్‌ను అడ్డుకునేది అదే. బంతి దెబ్బకు రేణువు చితికి, పగిలి, పక్కదానితో మళ్లీ అతుక్కుంటుంది. పగిలినప్పుడల్లా కొత్త లోహం బయటపడుతుంది. నైట్రోజన్ అణువును విడదీయాలంటే మోల్‌కు 945 కిలోజౌళ్ల శక్తి కావాలి. అంత గట్టి బంధం కూడా ఆ తాజా లోహం మీద తేలిగ్గా విడిపోతుంది.

యాంకర్: తర్వాత లోపలికి ఎలా వెళ్తుంది?

అతిథి: నాకు బాగా ఇష్టమైన సంగతి ఇదే. దెబ్బలు తిని తిని లోహంలోని స్ఫటికాలు నానోమీటర్ల సైజుకు వస్తాయి. వాటి మధ్య సరిహద్దులు, లోపాలు విపరీతంగా పెరుగుతాయి. నైట్రోజన్‌కు అవే దారులు. కొలిమిలో అయితే పైన నైట్రైడ్ పొర కట్టి, లోపలికి వెళ్లడం నెమ్మదిస్తుంది. మిల్లులో ఆ పొర కూడా పగులుతూనే ఉంటుంది.

యాంకర్: నైట్రైడ్ అయిందని రంగు చూసి చెప్పొచ్చా?

అతిథి: రంగును నమ్మకండి, అంత మెత్తటి పొడి నల్లగా కనిపించొచ్చు. డబ్బాలో పీడనం తగ్గినా సరిపోదు. టైటానియం మొదట నైట్రోజన్‌ను తనలో కరిగించుకుంటుంది, నైట్రైడ్ ఆ తర్వాతే. ఎక్స్‌రే డిఫ్రాక్షన్, అంటే ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణాన్ని తెలుసుకునే పరీక్ష, చేసి చూడాల్సిందే. బంతుల నుంచి ఇనుము ఎంత చేరిందో కూడా చూడాలి.

యాంకర్: మరి సిలికాన్‌ను కూడా ఇలాగే నైట్రైడ్‌గా మార్చొచ్చా?

అతిథి: అది మొండిది. మిల్లు తర్వాత కొలిమి తప్పదు, కాకపోతే తక్కువ వేడి సరిపోతుంది. అది పెద్ద మేలే, 1414 డిగ్రీల దగ్గర సిలికాన్ కరిగిపోతుంది కదా.

యాంకర్: మొదలుపెట్టే విద్యార్థులకు ఏం చెబుతారు?

అతిథి: మూత దగ్గర తొందరపడొద్దు. పూర్తిగా మారని టైటానియం పొడికి గాలి తగిలితే భగ్గున అంటుకోవచ్చు. ఆర్గాన్ నింపిన గ్లోవ్ బాక్సులోనే, అంటే బయటి నుంచి చేతి తొడుగులతో పనిచేసే మూసిన పెట్టెలోనే తెరవండి. అంటుకుంటే నీళ్లు అస్సలు పోయకండి, పొడి ఇసుక ముందే పక్కన పెట్టుకోండి.