సెలవుల్లో భూసంరక్షణ ఇంటర్న్‌షిప్: ఆఫీసులోనా, చెల్కలోనా?

యాంకర్: తర్వాతి కాల్ తీసుకుందాం. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే అక్కా, నమస్తే సార్. అచ్చంపేట దగ్గరి నుంచి మాట్లాడుతున్న. డిగ్రీ సెకండియర్, బీజెడ్‌సీ. ఎండకాలం సెలవులల్ల భూసంరక్షణ మీద ఇంటర్న్‌షిప్ చేద్దామనుకుంటున్న. హైదరాబాద్‌ల ఒకకాడ రిపోర్టులు రాసే పనుంది. మా దిక్కే వాటర్‌షెడ్ పనులు, అంటే వాన నీళ్లు, మట్టి కొట్టుకపోకుండ ఆపే పనులు చేసే సంస్థ కూడ రమ్మంటుంది. ఏదానికి పోవాలె సార్?

నిపుణుడు: ఊళ్లె పనికే పో బిడ్డా. రిపోర్టు ఎప్పుడన్న రాస్తవు. కాని ఒకటి గట్టిగ అడుగు: మే నెలాఖరుకే సర్టిఫికెట్ ఇచ్చి తోలకుండ, మృగశిర దాకా ఉంచుకుంటరా అని. కందకాలు తవ్వేది ఎండలనే. అవి నిలుస్తయా, తెగుతయా అన్నది తేలేది మొదటి పెద్ద వానకు. మన ఎర్ర చెల్కలల్ల పైమట్టి ఎట్ల కొట్టుకపోతదో ఆ రోజు నిలబడి చూడాలె.

శ్రోత: సర్వే పనిముట్లు నాకేం రావు సార్.

నిపుణుడు: రెండు సమానమైన వెదురు బొంగులు పైన కలిపి కట్టు, నడుమ అడ్డంగ ఒక కర్ర, పై ముడికెళ్లి వేలాడే దారానికి ఒక రాయి. అదే ఏ-ఫ్రేమ్. కాళ్లు రెండుచోట్ల ఆనిచ్చి, దారం అడ్డకర్రను ఎక్కడ తాకుతదో గీత పెట్టు. కాళ్లు అటిటు మార్చి అదే చోట్ల ఇంకో గీత. రెండు గీతల నడుమ చోటే మట్టం. దారం ఆడ ఆగినప్పుడల్లా కాళ్లకాడ సున్నం వేసుకుంట పోతే, గట్టు ఎటు పోవాల్నో నేల మీద కనబడుతది. ఒక్క పూటల నేర్చుకుంటవు.

యాంకర్: పని ఎక్కడ మొదలుపెడతారు సార్?

నిపుణుడు: గుట్ట మీదికెళ్లి కిందికి. పైన నీళ్ల ఉరుకు తగ్గించకుండ కింద చెక్ డ్యామ్ కడితే పూడికతో నిండుతది. ఇంకోటి బిడ్డా, గట్టు ఎవరి చెల్కల పడ్డదో ఆ రైతు దగ్గర కూసొని మాట్లాడు. జాగ పోయేది ఆయనది, నీళ్లు ఊరేది కింద బావిల. పంచాయితీలన్నీ ఆడనే పుడుతయి. ఏ పుస్తకం చదివినా ఇంత తెల్వదు.

శ్రోత: మా బాపు ఎండలకు భయపడుతున్నడు సార్.

నిపుణుడు: భయం న్యాయమే. పొద్దుగాల్నే పోయి, ఎండ ముదరకముందే ఇంటికి రావాలె. ఇంకో దోస్తును జత తీసుకపో. ఉండే జాగ, తిండి, బస్సు కిరాయిలు ఎవరు పెట్టుకుంటరో ముందే కాయితం మీద రాయించుకో. కాలేజీ లెటర్ కూడ సెలవులకు ముందే తీసుకో, తర్వాత సంతకం పెట్టేటోళ్లు దొరకరు.

యాంకర్: సరేనా అమ్మా? మరో కాల్ లైన్లో ఉంది.