ఒకే నీటిపొర, 100 బోర్లు: స్ప్రెడ్‌షీట్‌లో భూగర్భజల మోడల్

నమస్కారం. బోరు ఎవరిది వారిదే, కింద నీళ్లు మాత్రం అందరివీ. మనం తోడితే పక్కవాళ్ల బోరులో మట్టం ఎంత దిగుతుంది? దాన్ని లెక్కగట్టే చిన్న మోడల్ ఇవాళ తయారు చేద్దాం. ఖాళీ స్ప్రెడ్‌షీట్ ఒకటి తెరవండి, చాలు. నేను వేసే అంకెలు లెక్క తేలిగ్గా రావడానికి ఎంచుకున్నవి. తర్వాత మీ ప్రాంతం అంకెలు వేసుకోండి.

ముందు నేల సంగతి. విస్తీర్ణం 10 చదరపు కిలోమీటర్లు, అంటే కోటి చదరపు మీటర్లు. భూమి కింద నీళ్లు చెరువులో లాగా నిలిచి ఉండవు. రాతి పగుళ్లలో, ఇసుక రేణువుల సందుల్లో ఉంటాయి. ఆ పొర మొత్తం ఘనపరిమాణంలో నిజంగా బయటికి వచ్చే నీటి వంతును స్పెసిఫిక్ యీల్డ్ అంటారు. గట్టి రాతి నేలల్లో అది తరచూ 1 నుంచి 3 శాతం ఉంటుంది, మంచి ఇసుకలో 20 శాతం దాకా ఉంటుంది. మనం 2 శాతం వేద్దాం. కోటిని 0.02తో గుణిస్తే 2 లక్షలు. అంటే నిల్వలోంచి 2 లక్షల ఘనపు మీటర్లు పోతే మట్టం ఒక మీటరు దిగుతుంది. అదే 20 శాతం ఉన్న ఇసుక నేలైతే 10 సెంటీమీటర్లే దిగేది. వాడకం ఒకటే, ఫలితంలో పది రెట్లు తేడా. అందుకే ఈ అంకెను దయచేసి ఉజ్జాయింపుగా వేయకండి.

ఇక జమా ఖర్చులు. వానలో ఏడాదికి 60 మిల్లీమీటర్లు ఇంకుతుందనుకుంటే జమ 6 లక్షల ఘనపు మీటర్లు. 100 బోర్లు, ఒక్కొక్కటి 10 వేలు తోడితే మొత్తం 10 లక్షలు. అందులో 20 శాతం మళ్లీ నేలలోకే ఇంకుతుందనుకుందాం. అసలు ఖర్చు 8 లక్షలు. లోటు 2 లక్షలు, అంటే ఏడాదికి ఒక మీటరు. ఇప్పుడు మట్టం 20 మీటర్ల లోతున ఉంది. కింది గడిలో పాత లోతుకు ఆ ఏటి లోటును 2 లక్షలతో భాగించి (ప్రస్తుతానికి ఒకటి) కలిపి ఫార్ములా లాగేస్తే గీత తిన్నగా దిగిపోతుంది.

చాలా మోడళ్లు ఇక్కడే ఆగిపోతాయి. కానీ మట్టం దిగుతుంటే మనుషులు ఏం చేస్తారు? అది మోడల్ లోపలే ఉండాలి.

ఒకరు 1,000 ఘనపు మీటర్లు అదనంగా తోడారనుకోండి. 20 శాతం మళ్లీ ఇంకిపోగా మట్టం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, అదీ అందరికీ. తోడినాయనకు తెలియనే తెలియదు. నూరుమందీ అదే పని చేస్తే 40 సెంటీమీటర్లు. మరి కరెంటు ఖర్చు పెరిగి వాళ్లే తగ్గించుకోరా? లెక్క వేద్దాం. 10 వేల ఘనపు మీటర్లను ఇంకో మీటరు పైకి ఎత్తాలంటే, పంపు సామర్థ్యం 40 శాతం ఉంటే, ఏడాది మొత్తానికి సుమారు 68 యూనిట్లు. అంతే. ఆ మాత్రం ఖర్చు చూసి ఎవరూ మోటారు ఆపరు. హెచ్చరిక చాలా మెల్లగా వస్తుంది.

ఇప్పుడు బోర్ల లోతు కాలమ్ ఒకటి చేర్చండి. 40 బోర్లు 30 మీటర్లవి, 60 బోర్లు 80 మీటర్లవి. మట్టం 30కి చేరితే ఆ 40 బోర్ల వాడకం సున్నా అయ్యేలా ఇఫ్ ఫార్ములా పెట్టండి. పదేళ్లు గడిచాక గ్రాఫ్ చూడండి. మట్టం పడిపోవడం ఆగిపోయింది! 30 మీటర్ల దగ్గర అటూ ఇటూ ఊగుతోంది. దీన్ని మొదటిసారి చూసినప్పుడు సమస్య తీరిందని నేనూ సంతోషపడ్డాను. పక్క కాలమ్ చూశాక మనసు కలుక్కుమంది. 40 బోర్లు ఒక ఏడు ఎండిపోతూ, ఇంకో ఏడు మళ్లీ నీళ్లిస్తూ ఉన్నాయి కాబట్టే ఆ గీత నిలబడింది. మట్టం దిగడం అందరికీ సమానమే, నష్టం మాత్రం లోతు తక్కువ బోర్లవాళ్లది. అందుకే మట్టం గ్రాఫ్ పక్కనే ఎండిన బోర్ల లెక్క కూడా తప్పకుండా గీయండి. వాళ్లంతా 80 మీటర్లకు వేయిస్తే? లోతు మార్చి చూడండి, గీత మళ్లీ ఏడాదికి మీటరు చొప్పున కిందికే.

ఒక పరిమితి చెప్పాలి. మన మోడల్ మొత్తం నేలను ఒకే తొట్టి అనుకుంటుంది. నిజానికి తోడే బోరు చుట్టూ మట్టం గరాటులా ఎక్కువగా దిగుతుంది, వాగుల్లోకి ఊరే నీరూ తగ్గుతుంది. అవి కావాలంటే నేలను గళ్లుగా విడగొట్టి, ఒక గడి నుంచి ఇంకో గడికి ఎంత పారుతుందో డార్సీ సూత్రంతో లెక్కించాలి. 1856 నాటి సూత్రమది. 1984లో అమెరికా భూగర్భ సర్వే తెచ్చిన మాడ్‌ఫ్లో అనే సాఫ్ట్‌వేర్ ఆ పనే చేస్తుంది, ఉచితంగా దొరుకుతుంది.

చివరి ప్రయోగం. మొదటి నుంచే అందరూ 10 వేలకు బదులు 7,500 తోడితే? ఖర్చు సరిగ్గా 6 లక్షలు. మట్టం 20 దగ్గరే నిలుస్తుంది, ఒక్క బోరూ ఎండదు. సగం మందే ఒప్పుకుంటే ఏడాదికి 50 సెంటీమీటర్లు దిగుతుంది. పదేళ్లలో ఎండాల్సిన ఆ 40 బోర్లు ఇరవయ్యో ఏట ఎండుతాయి. ఇప్పుడు ఒప్పుకున్న ఆ సగం మందిలో తక్కువ లోతు బోర్లవాళ్లు ఎందరో మీ షీట్‌లో మార్చి చూడండి.