మట్టి కరిచినవాళ్లు, మునిగిపోయినవాళ్లు

అందరికీ నమస్కారం. మన అనంతపురం డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు గురించి చెప్పమన్నారు. ఒక్క మాటే తీసుకుంటా: 'బైట్ ది డస్ట్'.

ఇది మన 'మట్టి కరవడం' లాగే ఉంటుంది. చిక్కంతా అక్కడే. ఇంగ్లీషులో దీని వెనక ఉన్నది యుద్ధభూమి. పాత గ్రీకు కవి హోమర్ రాసిన యుద్ధకావ్యం ఇలియడ్ రెండో సర్గలో గ్రీకు రాజు అగమెమ్నాన్ ప్రార్థన ఒకటుంది: శత్రువీరుడు హెక్టర్ చుట్టూ అతని తోటివాళ్లు బోర్లాపడి మట్టి కరవాలని. శామ్యూల్ బట్లర్ 1898 నాటి అనువాదంలో అక్కడ పెట్టింది ఈ మాటే. అంటే చావు.

మనకేమో మట్టి కరవడం అంటే కుస్తీ గుర్తొస్తుంది. వింతేమంటే, కుస్తీలో ఓడేది భుజాలు రెండూ నేలకు తగిలితే. వెల్లకిలా పడినోడు ఆకాశం చూస్తాడు గానీ మట్టి ఎట్లా కరుస్తాడు? ఆట నియమంతో మన మాటకు పని లేదు, పోయిన పరువే దానికి ముఖ్యమని నాకనిపిస్తుంది.

ఇప్పుడు ఇంగ్లీషులో ఓడిన జట్టుకూ, చెడిన యంత్రానికీ దీన్ని వాడతారు, కొంచెం ఎగతాళిగా. మన బోరు మోటారు కాలిపోతే ఇంగ్లీషులో ఈ మాట సరిపోతుంది. 'మోటారు మట్టి కరిచింది' అని తెలుగులో అంటే మాత్రం ఊర్లో నవ్వుతారు.

మనసుకు తగిలిన దెబ్బకు దీన్ని వాడొద్దు. అయినవాళ్లు పోయిన బాధలో 'ఐ బిట్ ది డస్ట్' అని రాస్తే, చదివేవాళ్లు నువ్వే పోయినావనుకుంటారు, లేదా జోకనుకుంటారు. అక్కడ 'ఐ వాజ్ క్రష్డ్' అనాల. మన 'నలిగిపోయినా'కు అది బాగా దగ్గర. బ్రిటన్‌లో మ్యాచ్ ఓడిన అభిమాని 'గటెడ్' అంటాడు. చేప పేగులు తీసేసినట్టన్నమాట. మోటు మాటే, నాకు మాత్రం ఇష్టం.

'నాక్డ్ అవుట్' బాక్సింగ్‌ది. 1867 నాటి క్వీన్స్‌బెరీ నియమాల్లో పడినోడు 10 సెకన్లలో తనంతట తాను లేవాల. అయితే 'షీ ఈజ్ ఎ నాకౌట్' అంటే ఆమె ఓడిందని కాదు, మహా అందగత్తె అని!

ఇంకొకటి. వాన రాక శనక్కాయ పంట ఎండినా మన రైతు 'మునిగిపోయినాం' అంటాడు. చుక్క నీళ్లు లేని చోట మునగడం! వ్యాపారం దివాలా తీస్తే ఇంగ్లీషువాళ్లూ 'గో అండర్' అంటారు. ఈ రెండింటినీ ధైర్యంగా జోడీ కట్టొచ్చు.

ఇంక మీరు అడగండి.