భీమిలి దారిలో నలుగురు కొత్తవాళ్లు

అందరికీ నమస్కారం. రైల్లోనో, డార్మిటరీలోనో పరిచయమైన నలుగురు కలిసి విశాఖ చూడాలంటే ఏ వైపు వెళ్లాలి? భీమిలి బీచ్ రోడ్డు మీదికి వెళ్లండి. అందం సంగతి అలా ఉంచండి, ఈ దారిలో ఎవరూ ఇరుక్కుపోరు. రైల్వే స్టేషన్ నుంచి భీమిలికి 900కె సిటీ బస్సు తిరుగుతుంది. ఎవరికైనా విసుగొస్తే ఉన్నచోటే రోడ్డు దాటి, తిరుగు బస్సెక్కేయొచ్చు. అరకు అలా కాదు. పొద్దున్నే రైలెక్కాక, పొసగకపోయినా రాత్రిదాకా కలిసి తిరగాల్సిందే.

ఆటోకి ముగ్గురే లెక్క, నాలుగో మనిషి డ్రైవరు పక్కన వేలాడాలి. కాబట్టి నలుగురుంటే బస్సే మేలు, ఐదారుగురుంటే పెద్ద క్యాబ్. తలా 300 రూపాయలు ఒకరి చేతికిచ్చి, టీలూ కొబ్బరిబోండాలూ అందులోంచే కానివ్వండి. బస్సు టికెట్లు మాత్రం అందులోంచి వద్దు, ఎవరివి వాళ్లే కొనుక్కోండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే సిటీ బస్సు ఉచితం, కోల్‌కతా నుంచి వచ్చిన అమ్మాయికి టికెట్ తప్పదు. భోజనం బిల్లూ ఎవరిది వాళ్లదే. ఒకరు వంజరం వేపుడు, ఒకరు పెరుగన్నం తిని సమానంగా పంచుకుంటేనే మొహాలు మాడేది.

పొద్దున ఆరున్నరకల్లా బయల్దేరి, ముందు దూరంగా ఉన్న భీమిలి చూసుకుని వెనక్కి రండి. అక్కడ గోస్తనీ సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ల సమాధులు చూడటానికి గంట చాలు. ఎండ ముదరకముందే ఎర్రమట్టి దిబ్బలకు చేరాలి, లోపల నీడుండదు. తలా లీటరు నీళ్లు పట్టుకోండి. వాన కోసిన గెడ్డలన్నీ ఒకేలా కనిపిస్తాయి, రెండు మలుపులు తిరిగితే వచ్చిన దారి తెలీదు. అందుకే ముందే ఒక గుర్తు, ఒక టైము అనుకుని విడిపోండి. ఫొటో కోసం అంచుమీదికి ఎక్కొద్దు. అది రాయి కాదు, గట్టిపడ్డ ఇసుక. అంచు కింద ఖాళీ ఉంటే కాలు పెట్టగానే విరుగుతుంది.

ఆ తర్వాత తొట్లకొండ. బస్సు కింద రోడ్డు మీదే దింపుతుంది, పైకి నడకే. బౌద్ధ భిక్షువులు నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్లను తీరిగ్గా చూడండి, సెల్ఫీ తీసుకుని దిగిపోయేవాళ్లే ఎక్కువ.

మధ్యాహ్నం ఎవరి గదికి వాళ్లు. సాయంత్రం ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామి దగ్గర కలవండి. సోమవారం సెలవు. 91 మీటర్ల పొడవున్నా లోపల మనిషి వెనక మనిషే. గది నుంచి గదికి గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరాలి, వీపు మీద బ్యాగుంటే చిక్కుకుంటుంది. ఇరుకంటే భయపడేవాళ్లు బయటే ఆగడం నయం.

ఇక నీళ్లు. ఆర్కే బీచ్‌లో మోకాలి లోతు దాటొద్దు. చుట్టూ అలలు విరుగుతున్నా ఒక పాయలో మాత్రం విరగకపోతే, అక్కడే నీరు లోపలికి లాగుతోందన్నమాట. చిక్కుకున్నవాళ్లు ఒడ్డుకు ఎదురీదకూడదు, తీరం వెంబడి పక్కకు ఈదితే ఆ పాయ వదిలేస్తుంది. ఈత వచ్చని చెప్పిన కొత్త స్నేహితుడు చెరువులో నేర్చాడో సముద్రంలోనో ముందే అడగండి.

మిగిలిన ఉమ్మడి సొమ్ముకి ముంత మసాలా తినేయండి, లేదా ఇసుకలోనే లెక్క తేల్చేయండి. గదికెళ్లి చూద్దామంటే, మీలో ఒకరికి తెల్లవారుజామునే రైలుంటుంది.