మాంసపు కుందేళ్ళు, వాటి ఇల్లు

శ్రోతలకు నమస్కారం. కుందేళ్ళ పెంపకం మొదలుపెట్టేవాళ్ళు పిల్లల్ని కొనడానికి వెళ్ళి, "మగవి ఎక్కువ ఇవ్వండి, మాంసం బాగా పడుతుంది" అని అడుగుతుంటారు. కోళ్ళను చూసిన అలవాటు అది. బ్రాయిలర్ కోళ్ళలో పుంజు నిజంగానే పెట్టకంటే ఎక్కువ తూగుతుంది. కుందేళ్ళ దగ్గర మాత్రం ఆ లెక్క నడవదు.

మాంసం కోసం పెంచే న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిలా, వైట్ జెయింట్ లాంటి జాతుల్లో పిల్ల పుట్టినప్పుడు 50, 60 గ్రాములుంటుంది. మేపు బాగుంటే 12 వారాలకు దాదాపు 2 కిలోలకు వస్తుంది. అప్పటిదాకా ఆడా మగా ఇంచుమించు జోడుగానే పెరుగుతాయి. పూర్తిగా ఎదిగాక చూస్తే ఆడదే కాస్త బరువు. కోసి శుభ్రం చేశాక, ఏదైనా సరే, బతికున్న బరువులో సగం లేదా సగానికి కొంచెం పైన చేతికొస్తుంది. అందుకే ఆడా మగా అని బేరం పొడిగించకండి. తెచ్చి ఎక్కడ పెట్టబోతున్నారో, ఆ ఇల్లు చూసుకోండి.

ఒకే ఈతలో పుట్టిన ఎనిమిది పిల్లలున్నాయనుకుందాం. తల్లిపాలు మాన్పించాక నాలుగింటిని నేలకు ఎత్తుగా కట్టిన జాలీ బోనులో పెట్టాం. మరో నాలుగింటిని నేలమీద వరిగడ్డి పరిచిన దడిలో వదిలాం. దడిలోవి గెంతుతాయి, పరుగెత్తుతాయి, చూడముచ్చటగా ఉంటాయి. కానీ 12 వారాలకు తూకం వేస్తే సాధారణంగా బోనులోవే బరువు తూగుతాయి. దడిలోవి తిన్నదాంట్లో కొంత పరుగుకే ఖర్చవుతుంది. వాటికి కొవ్వు తక్కువ, వెనక తొడల వాటా కొంచెం ఎక్కువ. తినేవాళ్ళకు అది మంచిదే. తూకానికి అమ్మే రైతుకు మాత్రం కిలోలు తగ్గుతాయి.

కిలోల సంగతి అటుంచండి, నేలమీద అసలు భయం కాక్సిడియోసిస్ అనే పారుడు జబ్బు. పాలు మరిచిన పిల్లల్ని అది ఎక్కువగా పట్టుకుంటుంది. పొట్ట ఉబ్బుతుంది, మేత మానేస్తాయి, చూస్తుండగానే చచ్చిపోతాయి. దాన్ని తెచ్చేది పేగుల్లో బతికే, కంటికి కనబడని పరాన్నజీవి. దాని గుడ్లు పెంటికల్లో బయటికొస్తాయి. ఇక్కడ ఒక అనుమానం రావాలి. కుందేలు తన మెత్తటి పెంటికల్ని తానే తింటుంది కదా, మరి జాలీ పెట్టి ఏం లాభం?

నాకెంతో ఇష్టమైన సంగతి ఇదే. ఆ మెత్తటి పెంటికల్ని కుందేలు కింద పడనివ్వదు. వంగి, నేరుగా ఆసనం దగ్గరే నోటితో అందుకుని మింగేస్తుంది. పోషకాలను రెండోసారి రాబట్టుకునే పద్ధతి అది. జబ్బు గుడ్లు బయటికొచ్చిన వెంటనే హాని చేయవు. చెమ్మలో, గాలి తగిలేచోట, ఒకటి రెండు రోజులైనా ముదరాలి. కింద పడిన గట్టి పెంటికల్లో అవి ముదిరాక, ఆ గడ్డినే పిల్ల కొరికితే జబ్బు వస్తుంది. అర అంగుళం జాలీ అయితే ఆ పెంటికలు కిందికి రాలిపోతాయి, నోటికి అందవు. అలాగని జాలీ ఉందిగదా అని ఊడవడం మానకండి. మూలల్లో అంటుకున్నది గీకాలి. బరువెక్కిన తల్లుల పాదాలు తీగకు పుళ్ళు పడతాయి, వాటికి ఒక చెక్క ముక్క వేయండి.

ఇక మన ఎండలు. కొడైకెనాల్ కొండల్లో మన్నవనూరు పరిశోధన కేంద్రం ఇలాంటి మాంసపు కుందేళ్ళను పెంచుతుంది. అక్కడి చల్లదనం మనకెక్కడిది? కుందేలుకు చెమట పట్టదు, ఒంట్లో వేడి చాలావరకు చెవుల్లోంచే పోవాలి. 30 డిగ్రీలు దాటితే మేత తగ్గిస్తుంది, మేత తగ్గితే పెరుగుదల ఆగుతుంది. వట్టి రేకుల కింద బోనులు పెడితే జాతి ఎంత మంచిదైనా ఫలితం ఉండదు. రేకుల మీద తాటాకో వరిగడ్డో పరవండి. పక్కల తడి గోనెపట్టాలు కట్టండి, గాలి మాత్రం ఆడనివ్వండి. చల్లటి నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. దాణా తెల్లవారుజామున, పొద్దుగూకాక వేయండి.

ఆడా మగా తేడా నిజంగా పట్టించుకోవాల్సింది మూడు నెలలు దాటాక. మగవి కొట్లాడుకుని గాయాలు చేసుకుంటాయి, ఆడవి వేళకాని వేళ చూలు కడతాయి. ఆలోగా అమ్మేయండి, లేదా విడదీయండి. ఈతల కోసం ఉంచుకున్న మగదాన్ని వేడి మరీ దెబ్బతీస్తుంది. వేసవిలో దాని వీర్యం పలచబడి, ఎండలు తగ్గాక కూడా కొన్ని వారాల దాకా చూలు నిలవకపోవచ్చు. షెడ్డులో అన్నిటికంటే చల్లగా ఉండే మూల ఏదో మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి చేత్తో తడిమి చూసుకోండి. మగదాని బోను అక్కడ పెట్టండి.