రిస్పా: ఒక్క మాటైనా మాట్లాడని తల్లి

[తెర మీద: బోడి రాతిగుట్ట. బండ మీద పరిచిన గోనెపట్ట. గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.]

నమస్కారమండీ. మదర్స్ డే వస్తే చర్చిలో హన్నా గురించి వింటాం, మరియ గురించి వింటాం. ఈ రోజు నేను చెప్పబోయే తల్లి గురించి మాత్రం ఇన్నేళ్లలో ఒక్క ప్రసంగం కూడా వినలేదు. ఆమె పేరు రిస్పా, అయ్యా అనే ఆయన కూతురు. ఆమె కథంతా బైబిల్లోని రెండో సమూయేలు గ్రంథంలో రెండే చోట్ల ఉంది, 3వ అధ్యాయంలో కాస్త, 21వ అధ్యాయంలో కాస్త. ఆ రెండుచోట్లా వెతికినా ఆమె నోటి నుంచి ఒక్క మాట దొరకదు.

యెషయా 6వ అధ్యాయం గుర్తుందా? దూత బలిపీఠం మీది నిప్పు తీసి ప్రవక్త పెదవులకు తాకిస్తాడు. హీబ్రూలో ఆ నిప్పుకు వాడిన మాట ఈమె పేరే.

[తెర మీద: పటం. యొర్దాను నది, బెన్యామీను ప్రాంతం.]

రిస్పా ఇశ్రాయేలు మొదటి రాజు సౌలుకు ఉపపత్ని. సౌలు యుద్ధంలో చనిపోయాక కొడుకు ఇష్బోషెతు గద్దెనెక్కాడు. ఒకరోజు సేనాధిపతి అబ్నేరును పట్టుకుని, నా తండ్రి ఉపపత్ని దగ్గరికి ఎందుకు వెళ్లావని నిలదీశాడు. ఆ కాలంలో రాజు స్త్రీని తీసుకోవడమంటే రాజ్యం మీద కన్నేసినట్టే లెక్క. అబ్నేరు మండిపడి, సౌలు ఇంటికి పోటీగా ఉన్న దావీదు పక్షానికి వెళ్లిపోయాడు. సౌలు ఇల్లు కూలడానికి అదొక కారణమైంది. మరి రిస్పా సంగతి? అసలు ఏం జరిగిందని ఆమెను అడిగినవాళ్లు లేరు.

ఇక 21వ అధ్యాయం. దావీదు రాజ్యంలో వరసగా 3 ఏళ్లు కరువు. ఎందుకని దేవుని అడిగితే, సౌలు గిబియోనీయులను చంపించాడు గనుక అని జవాబు వచ్చింది. ఈ గిబియోనీయులు ఎవరంటే, యెహోషువ కాలంలో పాత చెప్పులు, బూజు పట్టిన రొట్టెలు చూపించి, దూరదేశం నుంచి వచ్చామని నమ్మించి ఇశ్రాయేలుతో ఒప్పందం చేసుకున్నవాళ్లు. మోసంతో పుట్టినదైనా ప్రమాణం ప్రమాణమే. సౌలు దాన్ని తుంగలో తొక్కాడు.

మీకేం కావాలని దావీదు అడిగాడు. వెండి బంగారాలు వద్దన్నారు. సౌలు సంతతిలో 7గురిని అప్పగించమన్నారు. దావీదు ఇస్తానన్నాడు. సౌలు కొడుకూ తన స్నేహితుడూ అయిన యోనాతానుకు చేసిన ప్రమాణం ఉంది కాబట్టి అతని కొడుకు మెఫీబోషెతును మాత్రం విడిచిపెట్టాడు. రిస్పా కొడుకులిద్దరినీ, సౌలు కూతురి కొడుకులు అయిదుగురినీ పట్టి ఇచ్చాడు. రిస్పా కొడుకుల పేర్లు అర్మోని, మెఫీబోషెతు. అవును, రెండోవాడి పేరు కూడా మెఫీబోషెతే. ఒక మెఫీబోషెతు బతికాడు, ఇంకో మెఫీబోషెతు చచ్చిపోయాడు. ఈ వచనాలు చదివిన ప్రతిసారీ నేను ఇక్కడే ఆగిపోతాను.

తండ్రి తప్పుకు కొడుకులను చంపకూడదని ద్వితీయోపదేశకాండంలోనే ఉంది. మానున వేలాడదీసిన శవాన్ని రాత్రంతా ఉంచకూడదని, ఆ రోజే పాతిపెట్టాలని కూడా అదే గ్రంథంలో ఉంది. ఇక్కడ రెండూ జరగలేదు. ఆ 7గురినీ కొండ మీద చంపి, అలాగే వదిలేశారు.

[తెర మీద: ఎండలో యవల చేను. ఆ వెనక గుట్ట.]

అప్పుడే యవల (బార్లీ) కోత మొదలైంది. రిస్పా గోనెపట్ట తీసుకెళ్లి ఆ బండ మీద పరుచుకుంది. దుఃఖంలో ఒంటికి చుట్టుకునే గుడ్డ అది, ఆమెకు పక్కబట్ట అయింది. పగలు పక్షుల్ని వాలనివ్వలేదు. రాత్రి అడవి మృగాల్ని దగ్గరికి రానివ్వలేదు. వానపడే దాకా అక్కడే ఉంది. ఎన్నాళ్లు? గ్రంథంలో లెక్క లేదు. ఆ ప్రాంతంలో యవల కోత ఏప్రిల్ ప్రాంతంలో మొదలవుతుంది, వానలు మామూలుగా అక్టోబరు దాటితే గాని రావు. వాన వేళకే వచ్చిందనుకుంటే, దాదాపు ఆరు నెలలు.

ఒక్కసారి ఊహించండి. పైన రాబందులు. చీకటి పడితే నక్కలు, దుమ్ములగొండ్లు. ఎండకు కాలిపోయే రాయి. రోజురోజుకూ మారిపోతున్న కొడుకుల ముఖాలు. ఆ 7గురిలో అయిదుగురు ఆమె కన్నబిడ్డలు కూడా కారు. అయినా వాళ్లనూ కాచింది.

ఇప్పుడు మొదటి సమూయేలు 17వ అధ్యాయానికి వెళ్దాం. ఇశ్రాయేలు శత్రువులైన ఫిలిష్తీయుల వీరుడు గొల్యాతు, కుర్రవాడైన దావీదుతో ఏమన్నాడు? నీ మాంసం ఆకాశపక్షులకూ భూమృగాలకూ వేస్తానన్నాడు. దావీదు తన చిన్నతనంలో చెవులారా విన్న బెదిరింపు అది. ఇన్నేళ్లకు తానే అప్పగించిన శవాల దగ్గర అవే పక్షుల్నీ అవే మృగాల్నీ ఒక ఆడమనిషి తోలుతోందన్న కబురు అతని చెవిన పడింది. ఆ పాత మాట గుర్తొచ్చిందని గ్రంథం చెప్పదు. గుర్తురాకుండా ఉంటుందా అన్నది నా ప్రశ్న.

కబురు అందగానే దావీదు లేచాడు. సౌలు, యోనాతానుల శవాలను ఫిలిష్తీయులు బేత్షాను ఊళ్లో వేలాడదీస్తే, యాబేష్గిలాదు ఊరివాళ్లు రాత్రంతా నడిచి వెళ్లి తెచ్చి ఒక చెట్టు కింద పాతిపెట్టారు. ఆ ఎముకలు అప్పటి నుంచీ అక్కడే ఉన్నాయి. సొంత ఊరికి తేవాలని దావీదుకు ఇంతకాలం తోచలేదు, లేదా తోచినా చెయ్యలేదు. ఇప్పుడు స్వయంగా వెళ్లి తెచ్చాడు. కొండ మీది 7గురి ఎముకలనూ ఏరించాడు. సౌలునూ యోనాతానునూ బెన్యామీను దేశంలోని సేలాలో, సౌలు తండ్రి కీషు సమాధిలో పెట్టించాడు.

[తెర మీద: గోనెపట్ట మీద తొలి చినుకులు.]

బైబిల్ దగ్గరుంటే రెండో సమూయేలు 21లో 14వ వచనం తీయండి. 7గురిని చంపగానే, దేశం కోసం చేసిన విన్నపాన్ని దేవుడు విన్నాడని అక్కడ లేదు. ఎముకలను పాతిపెట్టాక, ఆ తర్వాతే విన్నాడని ఉంది.